కేజీకొక బండ

గురువారం పొద్దున ఓబులమ్మ చేసే మొదటి పని, ఫ్రిజ్ తెరిచి పెరుగుగిన్నె వెనకనున్న సూదిని తీసి గూట్లో పెట్టడం. చల్లగా ఉన్నప్పుడు పొడుచుకుంటే చురుక్కుమంటుందని డాక్టరమ్మ చెప్పింది. అది చల్లదనం పోయి మామూలు వేడికి వచ్చేలోగా ఓబులమ్మ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి, కాళ్లు కడుక్కుని వస్తుంది. మంచం మీద కూర్చుని, చీర కొంచెం పక్కకు జరిపి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని సూది దించుతుంది. మొదట్లో కళ్లు మూసుకునేది. ఇప్పుడు తెరిచే ఉంచుతోంది. సూది దించేటప్పుడు అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు. ఓబులమ్మ తన బావను తలుచుకుంటుంది.

ఆ తర్వాత కాటా ఎక్కుతుంది. ఆవేళా ఎక్కి దిగింది. అప్పుడే పాలు తీసుకుని వచ్చిన మొగుడు సుబ్బయ్య గడప దగ్గర చెప్పులు విడుస్తూ, "అన్న ఇంటికాడ పడినాయంట" అన్నాడు.

"ఎన్ని?"

"రెండు."

కాటా చెప్పింది కూడా అదే. పోయిన వారం మీద రెండు కేజీలు తగ్గింది. ఓబులమ్మ ఒంట్లోంచి కేజీ దిగితే, బావ మద్దిలేటి వాకిట్లో ఒక బండ పడుతుంది. మనిషి పొడవు, జానెడు మందం. ఎవరూ తెచ్చి వెయ్యరు. తెల్లారేసరికి పడి ఉంటుంది.

దీనికి ఆళ్లగడ్డలో ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. రాయి ఆ ఊరికి కొత్త కాదు. రోడ్డు వెంట ఏ షెడ్డులోకి తొంగిచూసినా సగం చెక్కిన దేవుడు కనబడతాడు. ఇక మద్దిలేటి సంగతంటారా, బండలు కావాలని ఆయనే అడిగాడు. గుళ్లో నిలబడి, మైకు పట్టుకుని మరీ అడిగాడు. అడిగినవాడికి అడిగింది వచ్చింది, ఇందులో వింతేముందని అనుకున్నారు.

అడగడం ఎట్లా జరిగిందంటే, ఓబులమ్మ కూతురు శ్రీజకు విషజ్వరం వచ్చి నంద్యాల ఆసుపత్రిలో పడితే, పిల్ల లేచి తిరిగితే నా ఎత్తు బెల్లం ఇచ్చుకుంటానని తల్లి మొక్కుకుంది. పిల్ల లేచింది. తులాభారం పెట్టించారు. ఒక తట్టలో ఓబులమ్మ కూర్చుంది, రెండో తట్టలో పూజారి చక్రపాణి స్వామి బెల్లం అచ్చులు పేర్చసాగాడు. పేర్చేకొద్దీ పేరుస్తున్నాడు, తట్ట లేవడం లేదు. తెచ్చిన బెల్లం అయిపోయింది. సుబ్బయ్య ఇంకొంచెం తేవడానికి బజారుకు మనిషిని పంపాడు. అంతటితో పోయేదే.

కాని మైకు మద్దిలేటి చేతిలో ఉంది. ఈయన సుబ్బయ్యకు అన్న, ఇంటికి పెద్ద, పొలమూ బొలేరో బండీ పంచాయతీలు తీర్చే నోరూ ఉన్నవాడు. మైకు దొరికితే పండగే ఆయనకు.

"ఏమప్పా, బెల్లం సాల్లేదే! ఇది మనిషా, బండా? బండ తూగాలంటే బెల్లం యాడ సరిపోతాది? బండలు తెండప్పా, బండలు!"

గుడంతా నవ్వింది. గుడి బయట చెప్పుల కాడ కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. తట్టలో కూర్చున్న మనిషి లేచి పోవడానికి లేదు, మొక్కు తీరేదాకా అట్లాగే ఊగుతూ ఉండాలి. పక్కన నిలబడిన శ్రీజ కళ్లు తుడుచుకోవడం ఓబులమ్మ చూసింది. సుబ్బయ్య తల దించుకోవడం చూసింది, దించుకున్న తల కింద మీసం కదలడం కూడా చూసింది. ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది చాగలమర్రిలోని చుట్టాల ఫోన్లకు కూడా చేరింది.

మర్నాడు ఓబులమ్మ నేరుగా బావ ఇంటికి పోయింది.

"ఆ మాట ఎనక్కి తీసుకో బావా."

"తమాషాకు అంటి లేమ్మా. దానికింత రాద్ధాంతమా?"

"మైకులో అన్నావు. మైకులోనే తీసుకో."

మద్దిలేటి నవ్వి, మజ్జిగ తెస్తున్న పెళ్లాం వెంకటలక్ష్మమ్మను గడ్డంతో చూపించాడు. "ఈ ఇంట్లో గూడా ఒక బండ ఉండాది. ఎన్నేండ్లుగా అంటాండా, అదేమన్నా పంచాయతీ పెట్టిందా? నీకు మాట పడకపోతే ముందు తగ్గు. తగ్గినాక సూస్తాం."

వెంకటలక్ష్మమ్మ గ్లాసు కింద పెట్టి, ఏమీ వినబడనట్టు లోపలికి పోయింది. ఓబులమ్మ మజ్జిగ ముట్టకుండా లేచి వచ్చింది. ఒళ్లంతా మంట. తగ్గమన్నాడు కదా, తగ్గి చూపిస్తాను, తగ్గిన రోజున వీడి చేత అదే మైకులో ఆ మాట కక్కిస్తాను అనుకుంది. ఆ వారమే నంద్యాల బస్సెక్కింది.

నంద్యాలలో చక్కెరజబ్బుకు చూసే డాక్టర్ మైథిలి అంతకుముందే చెప్పి ఉంది, బరువు తగ్గకపోతే మోకాళ్లు, కళ్లు, కిడ్నీలు ఒకదాని వెనక ఒకటి మొరాయిస్తాయని. పరీక్షలన్నీ చేసి వారానికొక సూది రాసింది. "ఇది ఆకలిని తగ్గిస్తుందమ్మా. అంతేగాని తినడం మానేయమని కాదు" అని మరీ మరీ చెప్పింది. ఓబులమ్మ మొదటి మాట విన్నది, రెండో మాట వినలేదు.

సూది పడ్డాక నిజంగానే ఆకలి చచ్చింది. తాలింపు వాసన వస్తే కడుపులో తిప్పేది. ఇదే అదనుగా ఆమె తిండి మానేసింది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు ముద్దల మజ్జిగన్నం, సాయంత్రం ఏమీ లేదు. కాటా మీద అంకె గబగబా దిగింది, బావ ఇంటికాడ బండలు దబదబా పడ్డాయి. ఆ పడడం తెలిసిన రోజున ఓబులమ్మకు పస్తు పస్తులా అనిపించేదే కాదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, బావ బండకు తగిలి బోర్లా పడినట్టు ఊహించుకుని నవ్వుకునేది.

అట్లా నవ్వుకుంటుండగానే ఒకరోజు ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఓబులమ్మా, ఏం రాయి తల్లీ ఇది! అద్దం మాదిరి ఉండాది. బేతంచెర్లలో గూడా ఇట్లాటి నున్నటి బండ దొరకదు. మేస్త్రీని పిలిపిచ్చి ఇంటి సుట్టూ అరుగు కట్టిచ్చినా. మెట్లకు మటుకు నాలుగు తక్కువైనాయి. బేగా పంపు."

ఓబులమ్మ ఫోను పెట్టేసింది. సుబ్బయ్యను తీసుకుని పోయి చూసింది. నిజమే. నీలంగా, నునుపుగా, వరసగా పరిచిన బండల మీద బావ కాలు మీద కాలేసుకుని కూర్చుని వక్క నములుతున్నాడు. చుట్టూ జనం, అరుగు బాగుందని మెచ్చుకుంటున్నారు.

ఆ కోపంతోనే మర్నాడు నంద్యాల బయల్దేరి, ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు మెట్టెక్కబోయి కూలబడిపోయింది. కాళ్లలో సత్తువ లేదు. ఎవరో చెయ్యి పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టారు. శిరివెళ్ల దాటేదాకా గుండె దడదడలాడుతూనే ఉంది. ఇంట్లో దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోందన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

డాక్టరమ్మ ఆమెను కండెంతో కొవ్వెంతో చెప్పే ఒక మిషను మీద నిలబెట్టి, వచ్చిన కాగితం చూసి తల పట్టుకుంది.

"ఏం తింటున్నారమ్మా?"

ఓబులమ్మ చెప్పింది.

"అందుకే. తగ్గిన దాంట్లో కొవ్వు కంటే కండే ఎక్కువ పోయింది. అక్కడ బండలు ఎట్లా పడుతున్నాయి, నున్నగానా?"

"అద్దం మాదిరి, మేడమ్."

"అది మీ కండే. కండ పోతే రాయి నున్నగా, గట్టిగా పడుతుంది. కొవ్వు పోతే జిడ్డోడుతూ పడుతుంది. దాన్ని ఎవరూ ఎందుకూ వాడుకోలేరు."

ఓబులమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అంటే, నా కండతో ఆయప్ప అరుగు కట్టుకున్యాడా?"

"మీరు పస్తుంటే ఇంకో అంతస్తు కూడా కట్టుకుంటాడు."

డాక్టరమ్మ ఆ తర్వాత చెప్పినవన్నీ ఓబులమ్మ ఈసారి ఒక్క అక్షరం పోకుండా వింది. ఆకలి లేకపోయినా వేళకు తినాలి. కొంచెమే తినాలి, ఆ కొంచెంలో గుడ్డో పప్పో చికెనో ముందుండాలి. మెల్లగా నమలాలి. నీళ్లు తాగాలి. నడవాలి. నడక ఒక్కటే చాలదు, బరువులెత్తాలి, అప్పుడే కండ నిలుస్తుంది. కాళ్లలో బలం వచ్చేదాకా మందు మోతాదు పెంచేది లేదు.

ఇట్లాంటి మంచి మాటలు ఓబులమ్మ అంతకుముందు వినలేదా అంటే, చాలామంది దగ్గర విన్నది. ఆరోగ్యం కోసమని చెబితే ఆమెకు ఎన్నడూ తలకెక్కలేదు. పగ కోసమంటే ఇట్టే ఎక్కింది.

ఆ మర్నాటి నుంచి గుడ్లు ఉడకబెట్టే పని సుబ్బయ్యకు పడింది. "నేనెందుకే?" అని ఆయన గొణిగితే, "ఆ పొద్దు నీ మీసం నవ్విందా లేదా?" అంది. ఆయన పోయి స్టవ్ వెలిగించాడు. మధ్యాహ్నం ఉలవలో అలసందలో, చిన్న సంగటి ముద్ద, ఆకుకూర. ఒక్కో ముద్దనూ బావను నమిలినట్టు నమిలేది, కాబట్టి మెల్లగా తినడం కష్టమనిపించలేదు. పెరట్లో వాడకుండా పడున్న రోటి పొత్రాన్ని కడిగి తెచ్చి, పొద్దునా సాయంత్రం ఎత్తి దించేది. మొదట్లో మోకాలి దాకా కూడా లేవలేదు. తెల్లవారగానే చాగలమర్రి వైపు రోడ్డు పట్టుకుని నడిచేది. కాళ్లు లాగుతున్నాయి, ఇవాళ్టికి వద్దులే అనిపించిన రోజున ఫోను తీసి ఆ తులాభారం వీడియో పెట్టుకునేది. అది సగం కూడా కాకముందే చెప్పులు తొడుక్కునేది.

తగ్గడం నెమ్మదించింది. కొన్ని వారాలు కాటా కదల్లేదు, బండా పడలేదు. బావ ఫోను చేసి, "ఏమ్మా, గని మూతపడిందా?" అని ఎగతాళి చేశాడు. ఓబులమ్మ పళ్లు బిగబట్టి పొత్రం ఎత్తింది.

తర్వాత ఒక గురువారం సుబ్బయ్య పాల చెంబు పట్టుకుని పరుగున వచ్చాడు. "పడిందే! నల్లగుండాది. జిడ్డు. కుక్కలు నాకుతాండాయి."

ఆ బండ మద్దిలేటి గేటుకు అడ్డంగా పడింది. పక్కకు జరుపుదామని కూలీలు పట్టుకుంటే చేతులు జారాయి. తాడు కట్టి ట్రాక్టరుతో లాగిస్తే తాడు జారింది. పగలగొట్టిద్దామని షెడ్డు నుంచి శిల్పి శాంతయ్యను పిలిపిస్తే, ఉలి పెట్టిన చోట నిలవక జారిపోయి ఆయన బొటనవేలు చితికింది. మెట్టుగా వేద్దామంటే సిమెంటు అంటుకోలేదు. ఎండకు కరిగి వాకిలంతా మరకలు, మరకల నిండా చీమలు. ఆ పైవారం దాని మీద ఇంకొకటి పడింది. నెల తిరిగేసరికి గేటు తెరవడానికి లేకుండా పోయింది. బొలేరో లోపలే ఉండిపోయి దుమ్ము పట్టింది. ఇంట్లో వాళ్లు బయటికి రావాలంటే ప్రహరీకి ఇటొకటి, అటొకటి నిచ్చెనలు వేసుకుని ఎక్కి దిగాల్సి వచ్చింది.

పంచాయతీల కోసం వచ్చే జనం నిచ్చెన చూసి వెనక్కి తిరిగారు. పెళ్లిళ్లకు పిలిస్తే, మద్దిలేటి పంచె మీద జిడ్డు మరకలతో పోవాల్సి వచ్చేది. ఆయన పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా కుర్చీ జరుపుకునేవారు. గుళ్లో మైకు ఓబయ్య అనే కుర్రవాడికి ఇచ్చేశారు. అది మాత్రం మద్దిలేటికి బాగా తగిలింది. ఒకరోజు ఓబులమ్మ ఆ దారిన పోతుంటే ఆయన నిచ్చెన మీద నుంచి కేకేశాడు.

"ఆ సూది మాను ఓబులమ్మా! సాలు ఇంక!"

"ఆ మాట ఎనక్కి తీసుకో. ఈ పొద్దే మానేస్తా."

"నేనా? ఒక ఆడదానికి జడిసి, మైకు పట్టుకోని, ఊరందరి ముందర? నా తల తీసినా కాదు."

"అయితే గురువారానికి సూసుకో బావా."

ఆ రోజుల్లో ఓబులమ్మ నడుస్తుంటే చూడాలి. పొత్రం ఇప్పుడు భుజం దాకా లేస్తోంది. మోకాళ్లు నొప్పి మరిచాయి. పాత జాకెట్లన్నీ కుట్లు వేయించుకుంది. ఎవరైనా "బాగా తగ్గినావమ్మా" అంటే సంతోషపడేది కాదు, "బండలు గేటు సగానికి పైకి లేసినాయంట గదా?" అని అడిగేది. అది విన్నాక సంతోషపడేది.

అట్లా సాగుతుండగా నంద్యాలలో డాక్టరమ్మ కాగితాలు చూసి, కళ్లజోడు తీసి నవ్వింది.

"చక్కెర అదుపులోకి వచ్చింది. కండ నిలిచింది. ఇంక తగ్గక్కర్లేదమ్మా. ఉన్న బరువును నిలబెట్టుకుంటే చాలు. మందు ఎట్లా తగ్గించుకుంటూ రావాలో నేను చెబుతాను. తిండీ నడకా మాత్రం ఇట్లాగే ఉండాలి."

ఓబులమ్మ ఏడ్చింది. ఆ గదిలో మంచి మాట విని ఏడ్చిన మనిషిని డాక్టరమ్మ అదే మొదటిసారి చూడడం.

"ఇంకొక నాలుగు కేజీలు దించండి మేడమ్. ఆయప్ప ఇంగా ఆ మాట ఎనక్కి తీసుకోలే."

"ఇక్కడి నుంచి తగ్గితే పోయేది కండేనమ్మా. మీ బావగారికి మెట్లు కావాలా?"

తిరుగు బస్సులో ఓబులమ్మ కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఇన్నాళ్లు ఇంత కష్టపడింది దేనికి? ఒళ్లు తేలికైంది, మనసు మాత్రం బరువెక్కింది. ఇంటికి పోయి ముఖం గోడకు తిప్పుకుని పడుకుంది. అన్నం వద్దంది. సుబ్బయ్య కంచం తెచ్చి పక్కన పెట్టి, "నువ్వు తినకపోతే అన్నకు మెట్టు పడతాది" అన్నాడు. ఆ మాటతో లేచింది. కన్నీళ్లు కారుతుండగానే ఉలవలు నమిలి నమిలి మింగింది.

గురువారం వచ్చింది, కాటా కదల్లేదు. బండ పడలేదు. ఆ పైవారమూ అంతే. మద్దిలేటికి సంగతి అర్థమైంది. మేడ మీదికెక్కి, వీధిలో పోయేవాళ్లందరికీ వినబడేట్టు, "మా మరదలి పౌరుషం కేజీలతో పాటే కరిగిపోయిందప్పా!" అని నవ్వాడు. ఎండలు ముదిరితే జిడ్డంతా ఇగిరిపోతుందని, అప్పుడు గేటు ముందర పందిరేసి ఊరికి భోజనాలు పెడతానని చాటాడు. ఈ మాటలు ఓబులమ్మ చెవిన పడకుండా ఎట్లా ఉంటాయి? పడ్డాయి. ఆ రోజు పొత్రాన్ని ఎత్తిన ఊపుకు సుబ్బయ్య భయపడి పెరట్లోంచి లోపలికి వచ్చేశాడు.

ఇంక నడిచి చేసేదేమీ లేదని తెలిసినా, కాళ్లు అలవాటు పడ్డాయి కాబట్టి తెల్లారగానే అవే రోడ్డెక్కించాయి. ఊరు దాటి శిల్పుల షెడ్ల దగ్గరకు వచ్చేసరికి, పక్కన పడేసిన ఒక రాతిదిమ్మె మీద ఎవరో కూర్చుని ఆయాసపడుతున్నారు. దగ్గరికి పోతే వెంకటలక్ష్మమ్మ. చీరకు జిడ్డు మరకలు. రెండు మోచేతులూ చెక్కుకుపోయి ఉన్నాయి.

"ఏందక్కా, ఈడ కూర్చున్యావు?"

"నీకోసరమే. ఈ దావనే వస్తావంట గదా."

"ఎట్లా వస్తివి?"

"నిచ్చెన దిగి. ఇన్నాళ్లు ఇంట్లోనే ఉంటి. దిగలేననుకుంటి. ఈ పొద్దు దిగినా." ఆమె ఊపిరి తీసుకుంది. "మీ బావ ఇంగా లేయలే."

ఓబులమ్మ పక్కన కూర్చుంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఈ తోడికోడలిని చూస్తూనే ఉంది. ఆమె ముఖంలోకి ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆమె మాట్లాడగా విన్నది కూడా తక్కువే.

"నిన్ను ఒక్క పొద్దు అన్యాడు ఓబులమ్మా. మైకులో అన్యాడు గాబట్టి ఊరంతా ఇనింది. నన్ను మైకు లేకుండా అంటాండాడు. అన్నం పెట్టిన ప్రతిసారీ అంటాండాడు. పిలిచేదే ఆ పేరుతో. నా పేరేందో ఆయప్పకు గుర్తుందో లేదో గూడా తెలీదు." చెక్కుకుపోయిన మోచేతిని కొంగుతో అద్దుకుంది. "ఆ డాక్టరు కాడికి నన్ను గూడా తోడుకపో."

ఓబులమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. తనెప్పుడూ అంత లావు లేదు. అందులో సగం కూడా లేదేమో. చూస్తున్నకొద్దీ ఓబులమ్మ ముఖం విచ్చుకుంది.

"నేను తగ్గితే గూడా పడతాయా?" అని అడిగింది వెంకటలక్ష్మమ్మ, అదొక్కటే అనుమానమన్నట్టు.

"బండలు తెండి అన్యాడే గాని, ఎవరివి తేవాల్నో చెప్పలే గదక్కా."

ఇద్దరూ నంద్యాల పోయారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. చక్కెర ఓబులమ్మకున్నదానికంటే ఎక్కువే ఉంది. సూది రాసి, తిండి గురించి చెప్పబోతుంటే ఓబులమ్మ అడ్డం పడింది.

"నేను చెప్తా మేడమ్. అక్కా, మొదటి దినం నుంచే గుడ్డు తిను, పప్పు తిను. ఆకలి కాలేదని పస్తుండొద్దు. నా మాదిరి పస్తుండి ఆయప్పకు అరుగు కట్టియ్యొద్దు."

"తింటా" అంది వెంకటలక్ష్మమ్మ. "నమిలి తింటా."

ఆమె తిరిగి ఆ నిచ్చెన ఎక్కలేదు. ఓబులమ్మ ఇంట్లోనే ఒక మంచం వేసుకుంది. మద్దిలేటి కబురు మీద కబురు పంపాడు, కాఫీ పెట్టేవాళ్లు లేరని ఒకసారి, ఊరు నవ్వుతోందని ఒకసారి. తానే వచ్చి తీసుకుపోతానని కూడా అన్నాడు. ఏ కబురులోనూ ఆమె పేరు లేదు. ఈ ఇంట్లో సుబ్బయ్య ఎక్కువ గుడ్లు ఉడకబెడుతున్నాడు. పొత్రం ఇద్దరి చేతులు మారుతోంది. పొద్దున్నే రోడ్డు మీద ఇద్దరు ఆడవాళ్లు నడుస్తుంటే, శిల్పులు ఉలి ఆపి చూసి, మళ్లీ పనిలో పడుతున్నారు.

తర్వాతి గురువారం వెంకటలక్ష్మమ్మ కళ్లు తెరిచే సూది వేసుకుని, కాటా ఎక్కింది. సుబ్బయ్య పాలు తెచ్చి గడపలో నిలబడ్డాడు, చెప్పులు విడవడం కూడా మరిచిపోయాడు.

"పడింది. జిడ్డుదే." ఆయన పాల చెంబు కింద పెట్టాడు. "గేటు కాడ గాదు. నిచ్చెన మీద. తెల్లారి అన్న ఎక్కొస్తామని పోతే లోపలి నిచ్చెన నుగ్గునుగ్గై ఉండాదంట. ఆయప్ప లోపలే ఉండాడు. బతిమాలుతాండాడు. మీ ఇద్దర్నీ మైకు తీసుకోని రమ్మంటాండాడు. ఏం చెప్పమన్నా చెప్తాడంట."

వెంకటలక్ష్మమ్మ కాటా దిగలేదు. కింద అంకెను చూసుకుంటూ ఉంది.

"నా కాడ ఇంగా ఎన్నుంటాయి ఓబులమ్మా?"

"ఇల్లంతా మూసేదానికి సరిపోతాయక్కా" అంది ఓబులమ్మ, గుడ్డు ఒలిచి ఆమె చేతిలో పెడుతూ. "నమిలి తిను. తొందరేం లేదు."